పిచ్చుక మీద కుళ్లు

సోఫాల మేస్త్రికి యాభై దాటాక సొంత ఇంట్లోనే ఒక ప్రత్యర్థి తయారయ్యాడు. ఆ ప్రత్యర్థి నాలుగు కాళ్ల మీద నిలబడితే మేస్త్రి నడుము దాటేవాడు. సరదా పుట్టి వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు ఎదుటి మనిషి భుజాల మీద వేస్తే, మేస్త్రి తలెత్తి చూడాల్సి వచ్చేది. గ్రేట్ డేన్ జాతి కుక్క. బూడిదరంగు ఒళ్లు, మూతికి రెండువైపులా వేలాడే చొంగ, బల్ల మీది గ్లాసుల్ని ఒక్క ఊపుతో కింద పడేసే తోక. వీధిలో అందరూ గుర్రం అనేవారు. మేస్త్రి భార్య మాత్రం పిచ్చుక అని పేరు పెట్టింది.

"ఇంత శాల్తీకి పిచ్చుకేంటే?" అని మేస్త్రి మొదటిరోజే అడిగాడు.

"ఎంత బెదురో చూడండి. కుక్కర్ కూత వేస్తే చాలు, బల్ల కిందికి దూరుతున్నాడు. పిచ్చుకే," అందామె.

బల్ల కింద వాడి తల ఒక్కటే పట్టింది. తక్కినదంతా వంటింటి గుమ్మానికి అడ్డంగా ఉండిపోయింది. మేస్త్రి మంచినీళ్ల కోసం ఆ వెనకభాగాన్ని దాటుకుంటూ వెళ్లాల్సి వచ్చింది.

నిజానికి మేస్త్రి కుళ్లుబోతు మనిషి కాదు. పక్క వీధిలో ఇంకొకరు సోఫాల దుకాణం తెరిచినప్పుడు, తనే వెళ్లి బోర్డు బిగించడంలో సాయం చేసి వచ్చాడు. చిన్నప్పుడు మేనమామ దగ్గర పని నేర్చుకున్నాడు. మేనమామ ఎలా చేసేవాడో ఇప్పటికీ అలాగే చేస్తాడు. చిన్న మేకుల్ని గుప్పెడు నోట్లో పోసుకుంటాడు. ఒక్కొక్కదాన్నీ నాలుకతో పెదవుల మధ్యకి తోస్తాడు. అయస్కాంతం ఉన్న సుత్తితో దాన్ని అందుకుని, గుడ్డ అంచు మీద ఠక్కున దిగ్గొడతాడు. "ఈ రోజుల్లో ఇదేం పనయ్యా, స్టేపుల్ గన్ను కొనుక్కో," అని ఎందరు చెప్పినా వినలేదు. పని పట్టిందంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోట్లో మేకులే.

ఇల్లూ దుకాణమూ ఒకటే కట్టడం. వీధివైపు షట్టరు ఉన్న పెద్దగది దుకాణం. దాని వెనక రెండు గదులూ, వంటిల్లూ. మధ్యలో ఒక తలుపు ఉంది కానీ, అది మూసిన రోజు లేదు.

భార్యని వీధిలో వాళ్లు ఇప్పటికీ ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. ఆమె ఒక పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసింది. మేస్త్రి కుర్రవాడుగా ఉన్నప్పుడు, ఆ ఆసుపత్రిలో కుర్చీలు బాగుచేసే పని గురించి కనుక్కుందామని ఫోన్ చేశాడు. అవతల నుంచి "చెప్పండి, ఎవరు కావాలి?" అన్న గొంతు విని, ఎవరు కావాలో మరిచిపోయి ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేశాడు. మళ్లీ పెట్టేశాడు. ఇంకోసారి చేసినప్పుడు ఆ గొంతు, "ఇప్పుడైనా చెప్తారా, లేకపోతే నేనే ఎవరో ఒకరికి కలిపెయ్యనా?" అంది. ఆ మాటకి మేస్త్రి పడిపోయాడు. తర్వాత పెళ్లయింది, కూతురు పుట్టింది, ఆ కూతురు పెరిగి ఉద్యోగం చూసుకుని వేరే ఊళ్లో స్థిరపడింది. ఆసుపత్రివాళ్లు ఆపరేటర్లను తీసేసి, ఫోనెత్తితే యంత్రమే మాట్లాడే ఏర్పాటు చేసుకున్నారు. ఆపరేటరమ్మ ఇంట్లో కూర్చుంది. రోజంతా మాట్లాడే మనిషి మెల్లగా మాటలు తగ్గించేసింది. మేస్త్రి దాన్ని ప్రశాంతత అనుకున్నాడు.

పిచ్చుక వాళ్లింటికి రావడానికి కారణం ఒక సోఫా. ఊరి చివర పెద్ద ఇంట్లో ఉండే భార్యాభర్తలు కబురు పెట్టారు. పెంచుకుంటున్న కుక్క సోఫా మూల నమిలేసింది, వచ్చి చూడమన్నారు. "ఒక్కదాన్నే కూర్చుని ఏం చేస్తాను, నేనూ వస్తాను," అని ఆపరేటరమ్మ కూడా వ్యాను ఎక్కింది. మేస్త్రి కొలతలు తీసుకుంటూ ఉంటే, ఏడాది కూడా నిండని ఆ కుక్క వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టింది. పెట్టిన తల తియ్యలేదు.

"దీంతో వేగలేకపోతున్నాం. ఎవరైనా తీసుకుంటే ఇచ్చేద్దామని చూస్తున్నాం," అంది ఆ ఇల్లాలు.

"మేం తీసుకెళ్తాం," అంది ఆపరేటరమ్మ, మొగుడి మొహమైనా చూడకుండా.

మేస్త్రి ఏదో అనబోయాడు. చిరిగిన గుడ్డని అప్పటికి బిగిద్దామని పోసుకున్న మేకులు నోట్లో ఉన్నాయి. వాటిని అరచేతిలోకి ఉమ్ముకునేలోపు ఆవిడ కుక్క మెడ పట్టీ అందుకుంది.

అక్కడితో మొదలైంది. అంత పెద్ద కుక్కని ఇంట్లో పెంచడమంటే మాటలు కాదు. నున్నటి గచ్చు మీద కాళ్లు జారితే కీళ్లు పాడవుతాయని, దుకాణంలో మిగిలిన తివాచీ ముక్కలన్నీ ఆవిడ గదుల నిండా పరిచింది. ఒంటికి మించిన బరువుతో పెరిగే వయసు కాబట్టి వ్యాను మీంచి దూకనివ్వకూడదని, చెక్కపలకతో వాలు ఏర్పాటు చెయ్యమంది. తిండి ఒకేసారి పెట్టకుండా కొంచెం కొంచెంగా పెట్టేది. తిన్న తర్వాత పరుగులూ ఆటలూ లేవు, పడుకోవాల్సిందే. గోళ్లు కత్తిరించడం, చెవులు తుడవడం, భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు వేసుకుని చొంగ తుడవడం. ఇవన్నీ మేస్త్రి ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేకపోయింది ఆవిడ మాటల్ని.

ఆపరేటరమ్మ పిచ్చుకతో పొద్దస్తమానం మాట్లాడేది. "ఇవాళ మబ్బు పట్టిందిరా, బట్టలు ఆరతాయంటావా?" "నా చెల్లెలు ఫోన్ చేసి ఏమందో తెలుసా?" "ఇటు చూడు, ఈ చీర బావుందా, ఆ నీలంది బావుందా?" ఆ గొంతు తలుపులోంచి దుకాణంలోకి వచ్చేది. మేస్త్రి సుత్తి ఆపేవాడు. అది తనని ఒకప్పుడు కట్టిపడేసిన గొంతు. ఇన్నేళ్లూ ఎక్కడికి పోయిందో అనుకున్న గొంతు. ఇప్పుడు వచ్చి, చొంగ కార్చే నాలుగుకాళ్ల జీవితో చీర రంగుల గురించి ముచ్చట్లాడుతోంది. మేస్త్రి తర్వాతి మేకుని అవసరానికి మించి గట్టిగా దిగ్గొట్టేవాడు.

భోజనాల దగ్గర కూడా అదే వరస. కూర కొంచెం ఎక్కువ మిగిలినట్టు కనిపిస్తే మేస్త్రి చెయ్యి చాచేవాడు. "ఉండండి, ఉప్పు వెయ్యకుండా వాడి కోసం తీశాను," అనేది. సాయంత్రం ఆవిడ మెట్టు మీద కూర్చుంటే, పిచ్చుక వచ్చి పక్కనే నిలబడి, ఒళ్లంతా ఆవిడ మీదకి వాల్చేవాడు. ఆ జాతి కుక్కలకి ఇష్టమైన మనుషులకి ఆనుకోవడం అలవాటట. మేస్త్రి కూడా ఒకటి రెండుసార్లు ఏమీ ఎరగనట్టు వెళ్లి వాడి పక్కన నిలబడి చూశాడు. పిచ్చుక మర్యాదగా జరిగి దారిచ్చాడు.

కూతురు ఫోన్ చేసినప్పుడు మేస్త్రి గోడు వెళ్లబోసుకున్నాడు. "మీ అమ్మ నన్ను పూర్తిగా వదిలేసిందే."

కూతురు పడీపడీ నవ్వింది. "నాన్నా, కుక్క మీద కుళ్లుకుంటున్నావా? ఎక్కడా అనకు, పరువు పోతుంది."

ఇంతలో ఆపరేటరమ్మ, "వాడికి ఒక మంచి పరుపు కుట్టిపెట్టండి," అని అడిగింది. అంత బరువున్న కుక్క గట్టినేల మీద పడుకుంటే మోచేతుల దగ్గర చర్మం ఒరుసుకుపోయి పుళ్లు పడతాయి. మేస్త్రికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంత బరువుకి ఎలాంటి స్పాంజి వెయ్యాలో అతనికి చేత్తో నొక్కితే తెలుస్తుంది. అయినా, పాత సోఫాల్లోంచి తీసి మూలన పడేసిన, బలం చచ్చిన స్పాంజి ముక్కలు కూర్చి, పైన మాత్రం కంటికి నదరుగా ఉండే గుడ్డ వేసి కుట్టి ఇచ్చాడు. ఆపరేటరమ్మ మురిసిపోయింది. మేస్త్రికి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది.

కొన్ని వారాలు గడిచేసరికి పిచ్చుక మోచేతులు రెండూ కమిలి, ఒకటి చితికి నీరు కారడం మొదలైంది. ఆపరేటరమ్మకి అర్థం కాలేదు. పరుపు మీద మోకాలు ఆనించి చూసింది. మోకాలు తిన్నగా నేలని తాకింది. కత్తెర తెచ్చి అంచు కత్తిరించింది. లోపలున్న ముక్కలు దోసిట్లో పట్టుకుని దుకాణంలోకి వచ్చి, మేస్త్రి కుడుతున్న కుర్చీ మీద పోసింది.

"ఊళ్లోవాళ్లకి ఎవరికైనా ఇలాంటిది వేస్తారా మీరు?"

మేస్త్రి నోట్లో మేకులతోనే, "ఊఁ?" అన్నాడు.

"అదిగో. ఆ ఊఁ ఒక్కటే నాకు దక్కింది ఇన్నేళ్లుగా. ఆసుపత్రి ఉద్యోగం పోయిన రోజున ఇంటికొచ్చి మీ వెనకాల నిలబడి చెప్పాను, గుర్తుందా? ఊఁ అన్నారు. వాడితో నేనెందుకు అంతసేపు మాట్లాడతానని మీకు ఒళ్లుమంట కదా? వాడు నోట్లో మేకులు పెట్టుకోడు. నేను మాట్లాడితే తలెత్తి నా మొహం చూస్తాడు. అంతే తేడా."

ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. మేస్త్రి మేకులు ఉమ్మేశాడు. ఆ పూట కస్టమరు కుర్చీ పక్కన పెట్టేసి, ఉన్నవాటిలో మేలైన స్పాంజి తీసి, కింద గట్టిదీ పైన మెత్తదీ రెండు పొరలు వేసి, ఉతుక్కోవడానికి వీలుగా జిప్పు పెట్టి కొత్త పరుపు కుట్టాడు. ఆపరేటరమ్మ దాన్ని తీసుకెళ్లి గదిలో పరిచింది. పిచ్చుక దాని మీద మూడు చుట్లు తిరిగి, గట్టిగా నిట్టూర్చి పడుకున్నాడు. ఆవిడ వంగి వాడి చెవిలో, "ఇప్పుడు హాయిగా ఉందిరా?" అని అడిగింది. కుట్టినవాడిని మాత్రం ఏమీ అడగలేదు. మేస్త్రికి తప్పు చేశానన్న బాధ ఒకపక్కా, ఆ కుళ్లు ఒకపక్కా మిగిలాయి.

కొన్నాళ్లకి ఆపరేటరమ్మ చెల్లెలికి ఒంట్లో బాగాలేకపోతే, ఒక పగలు చూసి వస్తానని బయల్దేరింది. వెళ్లేముందు పిచ్చుకకి ఎప్పుడెప్పుడు ఎంతెంత పెట్టాలో, ఏం చెయ్యకూడదో మొగుడికి వల్లె వేయించింది. చెల్లెలి ఇల్లు చేరగానే ఫోన్ చేసింది.

"తిన్నారా?"

మేస్త్రికి ప్రాణం లేచి వచ్చింది. "ఇంకా లేదు. ఇదుగో, ఇప్పుడే కూర్చోబోతున్నా."

"మీరు కాదండీ, వాడు. తిన్నాడా?"

ఫోన్ పెట్టేశాక మేస్త్రి పిచ్చుక వైపు చూశాడు. పిచ్చుక గుమ్మం వైపు చూస్తున్నాడు. ఆవిడ వెళ్లినప్పటి నుంచీ ఆ చూపు తిప్పలేదు. అప్పుడు మేస్త్రికి ఒక ఆలోచన వచ్చింది. సాయంత్రం ఆవిడ తిరిగి వచ్చేసరికి, వీడు నాకు ఆనుకుని నిలబడి ఉండాలి. ఆవిడ అది చూడాలి. చూసి, ఆవిడకీ కాస్త కడుపులో మండాలి.

రోజంతటికీ దాచిన తిండి అంతా గిన్నెలో ఒకేసారి కుమ్మరించాడు. పిచ్చుక నమ్మలేనట్టు ఒకసారి మొహంలోకి చూసి, తర్వాత గిన్నె అడుగు కూడా నాకేశాడు. మీదట బోలెడన్ని నీళ్లు తాగాడు. మేస్త్రి గుడ్డపీలికలు బంతిలా చుట్టి, వెనక పెరట్లో విసరడం మొదలుపెట్టాడు. వాడు గుర్రంలా పరుగెత్తి తెచ్చి చేతిలో పెడుతుంటే, మేస్త్రి చిన్నపిల్లాడైపోయాడు. "శభాష్! ఇంకోసారి!" ఒక దశలో పిచ్చుక వచ్చి, రొప్పుతూ, నిజంగానే మేస్త్రి తొడకి ఒరిగాడు. అంత బరువు ఒంటి మీద పడేసరికి మేస్త్రి గోడకి ఆనుకున్నాడు. ఆ నిమిషంలో అతనికి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

కాసేపటికి పిచ్చుక కూర్చోవడం మానేశాడు. గదిలో అటూ ఇటూ తిరిగాడు. కక్కబోయాడు, ఏమీ రాలేదు, నురగ మాత్రం వచ్చింది. మళ్లీ కక్కబోయాడు, మళ్లీ నురగే. మేస్త్రి వాడి పొట్ట మీద చెయ్యి వేశాడు. ఎక్కువ దట్టించిన దిండులా బిగుసుకుని ఉంది. వేలితో తడితే డప్పులా మోగింది. మేస్త్రి పై ప్రాణాలు పైనే పోయాయి. భార్యకి ఫోన్ చేశాడు. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు.

"పొట్ట ఉబ్బిందా? కక్కుతుంటే ఏమీ రావట్లేదా?" అందావిడ. గొంతు ఎంత నిలకడగా ఉందంటే, ఆసుపత్రిలో ఎన్ని ప్రాణాలకి ఆ గొంతు దారి చూపించిందో మేస్త్రికి అప్పుడు తెలిసింది. "వినండి. నీళ్లు పెట్టకండి. పొట్ట నొక్కకండి. వ్యాను తియ్యండి. నేను పశువుల ఆసుపత్రికి ఇంకో ఫోన్ నుంచి చెప్తాను, వాళ్లు సిద్ధంగా ఉంటారు. మీరు లైన్లోనే ఉండండి. సరేనా?"

"సరే," అన్నాడు మేస్త్రి. చిన్నప్పుడు మేనమామకి చెప్పినట్టు చెప్పాడు.

మేస్త్రి కేక విని పక్క షాపు ప్లంబరు పరుగెత్తుకొచ్చాడు. సోఫాలు మోసే బెల్టులు రెండు పిచ్చుక పొట్ట ఒత్తుకోకుండా రొమ్ము కిందా తొడల కిందా వేసి, ఇద్దరూ కలిసి వ్యానులోకి ఎక్కించారు. మేస్త్రి ఫోన్‌ని స్టీరింగు ముందు పెట్టి బండి పోనిచ్చాడు. కాస్త దూరం ఆవిడ గొంతు వినిపించింది, తర్వాత ఆగిపోయింది. లైను తెగిపోయింది కాబోలనుకున్నాడు. వెనక నుంచి పిచ్చుక మూలుగు వినిపిస్తోంది. ఆ మూలుగు భరించలేక మేస్త్రి మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఒరేయ్ పిచ్చుకా, వింటున్నావా? నేనేరా నీకు గిన్నె నిండా పెట్టింది. ప్రేమతో కాదు. నువ్వంటే నాకు కుళ్లురా. ఆవిడ నీతో మాట్లాడినట్టు నాతో మాట్లాడి ఎన్నేళ్లయిందో నాకే తెలీదు. తప్పు నాదే. ఉద్యోగం పోయిన రోజున ఆవిడ నా వెనక నిలబడింది. నాకు తెలుసు. తిరిగి చూస్తే ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏం చెప్పాలో తెలీక, తిరగలేదు. మేకులు ఒక వంక అంతే. నువ్వు తిరిగి చూస్తావు, అదే నీ గొప్పతనం. ఇంకొంచెం దూరమేరా. పోకు. నువ్వు పోతే ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ మాట్లాడుకోరు."

ఆసుపత్రి గేటు దగ్గర నలుగురు స్ట్రెచరుతో ఎదురుచూస్తున్నారు. డాక్టరు పొట్ట మీద చెయ్యి వేస్తూనే, "ఏం తిన్నాడు? తిన్నాక పరుగెత్తాడా?" అని అడిగింది.

"ఒకేసారి అంతా పెట్టేశాను. తర్వాత ఆడించాను. నేనే," అన్నాడు మేస్త్రి.

ఆపరేటరమ్మ టాక్సీ దిగి వచ్చేసరికి ఆపరేషను జరుగుతోంది. బల్ల మీద మొగుడి పక్కన కూర్చుంది. చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చి, పొట్ట లోపల మెలితిరిగిందనీ, సరిచేశామనీ చెప్పింది. "మళ్లీ తిరక్కుండా పొట్టని ఒంటి లోపలి గోడకి కలిపి కుట్టేశాను. ఈ జాతికి ఈ గండం ఎక్కువ. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు."

"ఏ దారంతో కుట్టారమ్మా?" అని అడిగాడు మేస్త్రి. కంగారులో అతని నోటికి ఆ ప్రశ్న ఒక్కటే వచ్చింది. డాక్టరు నవ్వి, విసుక్కోకుండా చెప్పింది.

పిచ్చుక ఇంటికి వచ్చాక, కుట్లు నాక్కోకుండా మేస్త్రి మెత్తని గుడ్డతో ఒంటికి సరిపడా చొక్కా కుట్టాడు. ఆపరేటరమ్మ మందులు వేసేది, మేస్త్రి వాడిని కదలకుండా పట్టుకునేవాడు. ఒకరోజు అలా పట్టుకుని ఉండగా ఆవిడ, మందు చెంచా చేతిలో ఉంచుకునే, "లైను తెగలేదండీ," అంది.

మేస్త్రికి వెంటనే అర్థం కాలేదు.

"ఆ రోజు వ్యానులో. నేను టాక్సీ ఎక్కుతూ మాట్లాడటం ఆపాను కానీ, ఫోన్ పెట్టెయ్యలేదు. చెవి దగ్గరే ఉంది."

మేస్త్రి మొహం కందగడ్డ అయింది. ఏం చెయ్యాలో తోచక పిచ్చుక చెవి సవరించాడు. తర్వాత తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి. ఏం చెప్పాలో ఇప్పుడూ అతనికి తెలియలేదు. అయినా చూపు తిప్పుకోలేదు.

"నా మీద కోపం లేదా?" అని అడిగాడు చివరికి.

"ఎందుకు లేదు? చచ్చేంత ఉంది. చెంచా పట్టుకోండి, చెప్తాను," అంది. చెప్పింది కూడా. పరుపు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఎన్నేళ్ల వెనక్కో వెళ్లింది. సుత్తి ఆ పూట మోగలేదు.

ఆ తర్వాత మేస్త్రి స్టేపుల్ గన్ను కొన్నాడు. దాని చప్పుడు పిచ్చుకకి పడలేదు కానీ, అలవాటు పడ్డాడు. మధ్యాహ్నాలు ఆపరేటరమ్మ కుర్చీ తెచ్చుకుని దుకాణంలో కూర్చునేది. మరి మేస్త్రి కుళ్లు పోయిందా అంటే, పోలేదు. ఆవిడ "బంగారం" అంటే ఎవరినో తేల్చుకునేదాకా అతని చెవి అటే ఉండేది. కాకపోతే అది ఇప్పుడు ఒకవైపే లేదు. పిచ్చుక మేస్త్రికి ఆనుకుని నిలబడినప్పుడు, ఆపరేటరమ్మ మూతి ముడిచి, "ఏం మందు పెట్టారు వాడికి?" అనేది. మేస్త్రికి ఆ మాట వింటే తిరునాళ్లకి వెళ్లినంత సంబరం.

ఇలా సాగుతుండగా ఎదురింట్లోకి, రైల్వేలో గార్డుగా రిటైరైన ఒకాయన అద్దెకు దిగాడు. ఒంటరి మనిషి. వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటాడు. కుక్కలంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. ఒక సాయంత్రం పిచ్చుక తిన్నగా వీధి దాటి వెళ్లి, ఆయన రెండు పాదాల మీదా అడ్డంగా పడుకున్నాడు. ఆయన పేపరు దించలేదు. మర్నాడూ అంతే. ఆ తర్వాత అది రోజువారీ కార్యక్రమం అయిపోయింది.

మేస్త్రీ, ఆపరేటరమ్మా షట్టరు దగ్గర నిలబడి చూసేవారు.

"కనీసం తల మీద చెయ్యి కూడా వెయ్యడే ఆ మనిషి," అంది ఆవిడ.

"చొంగ తుడవమను, తెలుస్తుంది," అన్నాడు మేస్త్రి.

"ఏముందండీ ఆయన దగ్గర?"

"ఏమీ లేదు. అదే నాకూ అర్థం కావట్లేదు."

ఒకరోజు గార్డుగారే పేపరు మీంచి తొంగిచూసి కేకేశాడు. "ఏవండీ, కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి. మీ గుర్రాన్ని కాస్త లేపుతారా?"

మేస్త్రి మహా ఉత్సాహంగా వీధి దాటాడు. బతిమాలాడు, బుజ్జగించాడు, పట్టీ పట్టుకుని లాగాడు. పిచ్చుక ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకున్నాడు. మేస్త్రి ఒంటరిగా తిరిగి వచ్చాడు.

"రానన్నాడు," అని చెప్పాడు భార్యతో.

"ఆయనా?"

"వాడు."

ఆపరేటరమ్మ ఎదురింటి వైపు కొరకొరా చూసి లోపలికి వెళ్లింది. రెండు కప్పులతో తిరిగి వచ్చింది. కుట్టడం సగంలో ఉన్న సోఫా మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, గార్డుగారిని కసితీరా ఆడిపోసుకుంటూ టీ తాగారు.